డేటా పాలసీ కంటే ముందు నో డ్యూస్ ఫారం

ప్రశ్న: నమస్కారమండీ. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక అటానమస్ డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. కాలేజీకి రీసెర్చ్ డేటా పాలసీ ఉండాలని ప్రిన్సిపాల్ గారు కమిటీ వేసి నన్ను కన్వీనర్‌ని చేశారు. కాలేజీలకు గ్రేడ్లిచ్చే నాక్ టీమ్ వచ్చేలోపు తయారవ్వాలట. నమూనాగా ఒక విదేశీ యూనివర్సిటీ పాలసీ ఇచ్చారు గానీ అందులో సగం మాకు వర్తించేలా లేదు. మా దగ్గర ఉన్నవి ఇవీ: ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల నీటి రీడింగులు, ఎకనామిక్స్ వాళ్లు కౌలు రైతులతో చేసిన సర్వే, తెలుగు శాఖ పల్లెల్లో రికార్డు చేసిన పాటలు. ఎవరివి వాళ్ల లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. చెరువుల ప్రాజెక్టులో పనిచేసిన అబ్బాయి వచ్చే నెల ఉద్యోగానికి వెళ్లిపోతున్నాడు. ఆఫీసువాళ్లేమో సర్వర్ కొనడానికి కొటేషన్లు తెప్పించారు. ఎక్కడ మొదలుపెట్టాలి? అసలు ఈ డేటా మీద హక్కు ఎవరిది?
— ఒక అధ్యాపకురాలు

సమాధానం: మేడమ్ గారూ, ముందు ఆ అబ్బాయిని పట్టుకోండి. పాలసీ ఒక నెల ఆలస్యమైతే కొంపలేం మునగవు. అతను వెళ్లిపోతే మాత్రం ఆ రీడింగులకు అర్థం చెప్పేవాళ్లు మీ కాలేజీలో ఉండరు. మొదట్లో ఫోన్ ఎత్తుతాడు, ‘చూసి పంపిస్తాను మేడమ్’ అంటాడు. ఆ తర్వాత కొత్త ఉద్యోగం, కొత్త లాప్‌టాప్. అందులో అతని తప్పూ ఏమీ ఉండదు. మొక్కలు, జంతువుల కొలతల మీద అచ్చయిన 516 వ్యాసాలు తీసుకుని, వాటి డేటా ఇమ్మని రచయితలనే అడిగి చూసిన అధ్యయనం ఒకటి 2014లో ‘కరెంట్ బయాలజీ’ పత్రికలో వచ్చింది. వ్యాసం వయసు ఏడాది పెరిగేకొద్దీ దాని డేటా ఇంకా మిగిలి ఉండే అవకాశం 17 శాతం చొప్పున తగ్గుతూ పోయిందని తేల్చారు. ఈమెయిళ్లు తిరిగొచ్చేస్తాయి, ఫైళ్లు ఇప్పుడెవరూ వాడని డిస్కుల్లో ఉండిపోతాయి. అన్నీ మనకు తెలిసిన కారణాలే.

రెండు మధ్యాహ్నాలు అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎక్సెల్ ఫైలు తెరిపించండి. ఇలాంటి ఫైళ్లలో సాధారణంగా పై వరుసలో పీ1, పీ2, పీ3 అని చెరువుల పేర్లు, పక్కన ‘డీఓ’ (కరిగిన ఆక్సిజన్), ‘శాల్’ (ఉప్పదనం) అని పొట్టి అక్షరాలు ఉంటాయి. పీ3 ఏ చెరువు? ‘రైసు మిల్లు వెనకాలదండీ’ అంటాడు. ఆ ముక్క అతని బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. కరిగిన ఆక్సిజన్ 3.8 అని రాసి ఉంటే అది లీటరుకు మిల్లీగ్రాముల్లోనా? ఏ వేళప్పుడు కొలిచారు? చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున అడుగంటి మధ్యాహ్నానికి పుంజుకుంటుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. వేళ రాయని 3.8తో ఏ నిర్ణయానికీ రాలేం. నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు అప్పుడు తిరుగుతున్నాయా, లేదా? మధ్యలో మీటరు పాడైతే కిట్టుతో కొలిచిన రోజులేవి? ఖాళీ గడి అంటే కొలవలేదనా, సున్నా అనా? కొన్ని గళ్లకు పసుపు రంగు ఎందుకు వేశాడు? ఇది తప్పకుండా అడగండి. ఆ రంగుకి అర్థం అతనికే తెలుసు. పైగా ఫైలును సీఎస్‌వీలోకి, అంటే ఉత్త అక్షరాల పట్టికలోకి మారిస్తే రంగులన్నీ పోతాయి. రంగు బదులు ‘గమనిక’ అని ఒక కాలమ్ పెట్టించి అందులో మాటల్లో రాయించండి.

తేదీల సంగతీ చూడండి. 3/4/2023 అంటే ఏప్రిల్ 3 అని మనమనుకుంటాం, కంప్యూటర్ సెట్టింగు అమెరికా పద్ధతిలో ఉంటే మార్చి 4 అయి కూర్చుంటుంది. 2023-04-03 అని ఏడాది ముందు పెట్టి రాస్తే గొడవే ఉండదు. ఎక్సెల్ తనంతట తాను తేదీలుగా మార్చేస్తోందని విసిగిపోయి, 2020లో మనుషుల జన్యువుల పేర్లు ఖరారు చేసే కమిటీయే ‘మార్చ్1’ లాంటి జన్యువులకు కొత్త పేర్లు పెట్టింది. సాఫ్ట్‌వేర్ మారకపోతే శాస్త్రమే మారాల్సి వచ్చిందన్నమాట!

అతను చెప్పినవన్నీ మామూలు టెక్స్ట్ ఫైల్లో, ఒకటి రెండు పేజీల్లో, తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో రాయించి డేటా పక్కనే పెట్టించండి. చేత్తో రాసుకున్న నోటుబుక్కు అసలుదే తీసుకుని లైబ్రరీలో పెట్టండి, ఫోన్‌తో స్కాన్ చేసిన ప్రతి అతనికివ్వండి. ఆ తర్వాత ఆ ప్రాజెక్టుతో సంబంధం లేని ఎమ్మెస్సీ పిల్ల ఎవరినైనా పిలిచి, వేరే కంప్యూటర్‌లో ఆ ఫోల్డర్ తెరిచి ఒక చెరువు గురించి నాలుగు మాటలు చెప్పమనండి. చెప్పగలిగితే డేటా మీ చేతికొచ్చినట్టు.

మీ పాలసీలో సగం ఇదే. మీ కాలేజీలో ఎవరు వెళ్లిపోతున్నా నో డ్యూస్ ఫారం మీద లైబ్రరీ, ల్యాబ్, హాస్టల్, ఆఫీసు సంతకాలు పడాలి కదా. రెండొందల రూపాయల పుస్తకం బాకీ ఉంటే సంతకం పెట్టం. మూడేళ్ల ప్రాజెక్టు డేటా సంచిలో వేసుకుని వెళ్లినా అడిగే నాథుడు లేడు. ఆ ఫారంలో ఒక్క వరుస చేర్చించండి: ‘డేటా, వివరాల ఫైలు అప్పగించారు, మరొకరు తెరిచి చూశారు.’ కింద చూసినవాళ్ల సంతకం. దీనికి అకడమిక్ కౌన్సిల్ తీర్మానం దాకా ఆగక్కర్లేదు, ప్రిన్సిపాల్ గారి ఆర్డరు చాలు. ఉద్యోగం మారే అధ్యాపకులకూ, రిటైరయ్యేవాళ్లకూ ఇదే వర్తించాలి. అసలు ఎక్కువ డేటా పోయేది రిటైర్‌మెంట్లప్పుడే. శాలువా కప్పే హడావిడిలో ఆయన బీరువాలో ఏముందో ఎవరూ అడగరు.

అయితే ఈ వరుస గైడ్ చేతిలో కర్ర కాకూడదు. ‘డేటా మొత్తం నాకిచ్చి, పేపర్లో నా పేరు ముందు పెడితేనే సంతకం’ అనేవాళ్లు ప్రతి కాలేజీలోనూ ఉంటారు. అందుకని సంతకం గైడ్‌ది కాకుండా లైబ్రేరియన్‌ది ఉంచండి. తగువొస్తే ప్రిన్సిపాల్ తేల్చాలి.

హక్కు ఎవరిదని అడిగారు. నిధులిచ్చిన సంస్థ శాంక్షన్ లెటర్ తీసి షరతులు చదవండి, చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది. అక్కడ లేకపోతే నేను సూచించే పద్ధతి ఇదీ: అసలు కాలేజీలో ఉండాలి, నకలు పనిచేసినవాళ్లు తీసుకెళ్లొచ్చు. ఆ డేటాతో రాసే ఏ వ్యాసంలోనైనా సేకరించినవాళ్ల పేరు ఉండాలి. పీహెచ్‌డీ స్కాలర్ అయితే, థీసిస్ ఇచ్చాక ఒక ఏడాదో రెండేళ్లో ఆ డేటా ఇంకెవరికీ ఇవ్వకుండా ఆపుకునే వెసులుబాటు అతనికి ఉండాలి. ఇదంతా ప్రాజెక్టులో చేరిన రోజే కాగితం మీద పెట్టుకోవాలి. వెళ్లేరోజు అడిగితే అది తగాదాలా ఉంటుంది. ఇంకో మాట. ‘థీసిస్‌లు శోధగంగలో ఉన్నాయిగా, ఇంకేం కావాలి’ అని మీ కమిటీలో ఒకరు తప్పకుండా అంటారు. శోధగంగ అంటే థీసిస్‌లు దాచే వెబ్‌సైటు, యూనివర్సిటీ అందులో పెట్టేది థీసిస్‌ని. అందులోని పట్టికల వెనక ఉన్న అసలు రీడింగులు అక్కడికి వెళ్లవు.

ఈలోగా మిగతా శాఖల్లో ఏముందో తెలియాలి. సర్క్యులర్ మాత్రం పంపకండి, అన్ని శాఖల నుంచీ ‘నిల్’ అని వస్తుంది. టీ టైమ్‌లో మీరే వెళ్లి కూర్చుని అడగండి. ‘మీ దగ్గర రీసెర్చ్ డేటా ఉందా’ అంటే లేదంటారు. ‘మీరు సర్వే చేసిన ఫారాలు, తీసిన ఫోటోలు, రికార్డింగులు ఎక్కడ పెట్టారు సార్’ అంటే కథలు కథలుగా చెబుతారు. పేరు, ఎవరి దగ్గరుంది, ఎంత సైజు, ప్రాజెక్టు ఎప్పుడు ముగుస్తుంది, మనుషుల వివరాలున్నాయా, నిధులిచ్చినవాళ్ల షరతులేంటి — ఇవన్నీ రాసుకుంటే అదే మీ డేటా రిజిస్టరు.

కౌలు రైతుల సర్వేది పూర్తిగా వేరే సంగతి. చెరువుల డేటా పోతుందని భయం, ఇది బయటపడుతుందని భయం. నోటిమాట మీద నడిచే కౌళ్లే ఎక్కువ. 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకు ఇచ్చే సీసీఆర్సీ (పంట సాగుదారు హక్కు) కార్డుకు కూడా భూయజమాని సంతకం ఉండాలన్నారు. ఎకరానికి ఎన్ని బస్తాలు కడుతున్నాడో, ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చాడో మీ పిల్లల్ని నమ్మి ఒక రైతు చెప్పాడు. ఆ కాగితం ఆసామి చేతిలో పడితే వచ్చే పంటకు ఆ చేను అతనికి ఉండదు.

పేర్లు తీసేశాం, సరిపోతుందని ఎకనామిక్స్ వాళ్లు అంటారేమో. సరిపోదు. ఊరి పేరు, సామాజిక వర్గం, వయసు, కౌలుకు చేసే ఎకరాలు — ఈ నాలుగు కాలమ్‌లు పక్కపక్కన ఉంటే చాలు. ఫలానా ఊళ్లో అరవై దాటి, భర్త పోయి, ఏడెకరాలు కౌలుకు చేస్తున్న ఆవిడ ఎవరంటే టీ కొట్టు దగ్గర ఎవరైనా చెబుతారు. కాబట్టి బయటికిచ్చే ఫైలులో ఊరు బదులు మండలం ఉండాలి, వయసు ‘50 పైన’ అన్నట్టు, ఎకరాలు ‘5 నుంచి 10’ అన్నట్టు ఉండాలి. ఒకే ఒక్కరున్న గుంపు కనిపిస్తే పక్క గుంపులో కలపాలి. పేర్లకూ నంబర్లకూ లంకె చెప్పే జాబితా వేరే ఫైలులో, పాస్‌వర్డు పెట్టి, ఇద్దరికే తెలిసేలా ఉంచాలి. ఆధార్ నంబర్లు రాసుకుని ఉంటే తీసేయించండి. ఏ విశ్లేషణకూ ఆధార్ అక్కర్లేదు, ఎవరో పాత ఫారంలో చూసి చేర్చి ఉంటారు. అన్నిటికంటే ముందు సర్వేకు వెళ్లిన విద్యార్థుల వాట్సాప్ గ్రూపు చూడండి. నింపిన ఫారాల ఫోటోలు అందులో పెట్టే ఉంటారు. అవి ఇప్పుడు ఎన్ని ఫోన్లలో ఉన్నాయో దేవుడికెరుక. కాలేజీ దగ్గర ప్రతి ఉందో లేదో చూసుకుని, గ్రూపులోనూ ఫోన్లలోనూ తీసేయించండి.

చట్టం సంగతి. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, అమలు దశలవారీగా జరుగుతోంది. 17వ సెక్షన్‌లో పరిశోధనకు మినహాయింపు ఉంది. కానీ ఆ డేటాను ఫలానా మనిషి గురించి నిర్ణయం తీసుకోవడానికి వాడకూడదు, ప్రభుత్వం చెప్పిన ప్రమాణాలు పాటించాలి. ‘మనకు మినహాయింపు ఉంది’ అని ఎవరైనా తేలిగ్గా తీసిపారేస్తే ఆ రెండు షరతులూ చదివి వినిపించండి.

ఇకముందు చేసే సర్వేల సమ్మతి పత్రం కూడా మార్చాలి. చాలా కాలేజీల్లో నమూనా పత్రంలో ‘ప్రాజెక్టు ముగిశాక సమాచారాన్ని ధ్వంసం చేస్తాము’ అని ఉంటుంది, ఎవరూ చదవకుండా కాపీ కొడతారు. ఆ మాట ఇచ్చాక డేటా దాచే దారి మూసుకుపోయినట్టే. దాని బదులు ‘మీ పేరు, ఫోన్ నంబరు తీసేసి మిగతా వివరాలు వేరే పరిశోధకులకు ఇవ్వవచ్చా?’ అని విడిగా అడిగి, విడిగా టిక్ పెట్టించుకోండి. వద్దన్నవాళ్ల వివరాలు పక్కన పెట్టండి.

తెలుగు శాఖ పాటల దగ్గర లెక్క తిరగబడుతుంది. దంపుళ్ల పాట పాడిన ముసలమ్మ పేరు తీసేస్తే అది గోప్యత కాదు, అన్యాయం. పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకుందో అన్నీ ఉండాలి, ఆవిడ వద్దంటే తప్ప. వాళ్లను మీరు అడగాల్సింది మొదట ఒకటే: వాట్సాప్‌లో వచ్చిన ప్రతి ఉందా, ఫోన్‌లో రికార్డు చేసిన అసలు ఫైలు ఉందా? వాట్సాప్ మామూలుగా పంపిన ఫోటోలను కుదించేస్తుంది, ఎక్కడ తీశారన్న వివరం కూడా వాటితో రాదు. ఫోన్లు మార్చేలోపు అసలువి దింపుకోవాలి. ఇకపై రికార్డు చేసేవి వేవ్ ఫార్మాట్‌లో చేయమనండి. మంచి నాణ్యతతో స్టీరియోలో గంటకు ఇంచుమించు ఒక జీబీ అవుతుంది, అంటే వంద గంటల పాటలు కూడా ఒక మామూలు హార్డ్ డిస్క్‌లో మూలన పడి ఉంటాయి. ఇక పాటల పాఠాలు. పదేళ్ల కిందటివైతే అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో టైపు చేసి ఉంటారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలిసిన పిచ్చిగీతలు తప్ప తెలుగు కనిపించదు. ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు కనిపించే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి గానీ వత్తుల దగ్గర తడబడతాయి. మార్చాక ఎమ్మే తెలుగు పిల్లలతో ప్రూఫు చూపించాలి. పాత ఫైలు పారేయకండి, దాని పీడీఎఫ్ కూడా తీసి పెట్టండి. నన్నడిగితే మీ కాలేజీలో అన్నిటికంటే అపురూపమైన డేటా ఇదే. చెరువుల రీడింగులు మళ్లీ ఎవరో ఒకరు తీస్తారు. ఆ ముసలమ్మ మళ్లీ పాడదు.

ఎక్కడ దాచాలన్నది మీరనుకున్నంత పెద్ద సమస్య కాదు. మీ కాలేజీకి గూగుల్ వర్క్‌స్పేస్ ఉంటే అందులో షేర్డ్ డ్రైవ్ తెరిపించండి. అందులో పెట్టిన ఫైలు కాలేజీ పేరు మీద ఉంటుంది, పెట్టినవాళ్లు వెళ్లిపోయినా పోదు. స్కాలర్ సొంత జీమెయిల్లో ఉంచి లింకు పంచుకుంటే, అతను తీసేసిన రోజు అందరికీ పోతుంది. రెండేళ్లు వాడకుండా వదిలేసిన సొంత ఖాతాలను గూగులే తీసేయవచ్చని 2023 నుంచి నియమం కూడా ఉంది. కాలేజీలకూ అపరిమితంగా చోటు ఇచ్చే రోజులు 2022తో పోయాయి. సంస్థ మొత్తానికి ఉచితంగా 100 టీబీ, దాన్లోనే అందరూ సర్దుకోవాలి. కాబట్టి ఫేర్‌వెల్ వీడియోలు అక్కడ పేరుకోకుండా చూసుకోండి. రెండో ప్రతి లైబ్రరీ బీరువాలో హార్డ్ డిస్క్ మీద, మూడోది వేరే బిల్డింగులో, అదీ పై అంతస్తులో. వానాకాలం మీ వైపు గ్రౌండ్ ఫ్లోర్ల సంగతి తెలిసిందే. ఏడాదికోసారి డిస్కు పెట్టి ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి.

పది మందికీ పనికొచ్చే డేటాను, అంటే చెరువుల రీడింగులు, పేర్లూ ఆనవాళ్లూ తీసిన సర్వే లాంటివాటిని, జెనోడో అనే ఆన్‌లైన్ డేటా భాండాగారంలో పెట్టొచ్చు. యూరప్‌లోని సెర్న్ పరిశోధన సంస్థ దాన్ని 2013 నుంచి నడుపుతోంది, డబ్బు తీసుకోదు, ఒక్కో రికార్డుకు 50 జీబీ దాకా చోటిస్తుంది, డీఓఐ అనే శాశ్వత గుర్తింపు నంబరు కూడా ఇస్తుంది. వ్యాసాన్ని ఉటంకించినట్టే డేటానూ ఉటంకించడానికి ఆ నంబరు పనికొస్తుంది. సామాజిక శాస్త్రాల సర్వేలకు ఐసీఎస్‌ఎస్‌ఆర్ డేటా సర్వీస్ ఉంది. జన్యు సీక్వెన్సుల్లాంటివి ఏమైనా ఉంటే ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్ చూడండి.

ఇంతా అయ్యాక పాలసీ రాయండి, రెండు పేజీల్లో. ఏది డేటా, ఎవరి బాధ్యత, ఎక్కడ ఉంటుంది, ఎన్నేళ్లు ఉంచాలి, బయటివాళ్లు అడిగితే ఎవరు నిర్ణయిస్తారు, తగువొస్తే ఎవరు తీరుస్తారు. అంతే. ఎన్నేళ్లన్నది నిధులిచ్చినవాళ్లు చెప్పకపోతే, ఆఖరి వ్యాసం అచ్చయ్యాక కనీసం ఐదేళ్లు అనండి. పాటలకు గడువు పెట్టొద్దు. కొత్త ప్రాజెక్టుకు దరఖాస్తు పెట్టేవాళ్లు డేటా గురించి ఒక పేజీ జతచేయాలని కూడా రాయండి. అమెరికాలో పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థలు ఎన్‌ఎస్‌ఎఫ్ 2011 నుంచి, ఎన్‌ఐహెచ్ 2023 నుంచి దీన్ని దరఖాస్తులో భాగం చేశాయి. మనవాళ్లు అడిగేలోపు మీకు అలవాటై ఉంటుంది.

ఇక సర్వర్. వద్దు. కొన్నాక దానికి ఏసీ కావాలి, యూపీఎస్ కావాలి, ఏఎంసీ (ఏటా నిర్వహణ ఖర్చు) కట్టాలి, సాఫ్ట్‌వేర్ లోపాలు సరిచేసే ప్యాచ్‌లు వేసే మనిషి కావాలి. ఆ మనిషి మీ దగ్గర లేడు కాబట్టే డేటా లాప్‌టాపుల్లో ఉంది. యంత్రాలకు కొదవలేని క్యోటో యూనివర్సిటీలోనే 2021 డిసెంబరులో సూపర్‌కంప్యూటర్ బ్యాకప్ ప్రోగ్రాములో తప్పు దొర్లి 77 టీబీ పరిశోధన డేటా చెరిగిపోయింది. మీ మూడు శాఖల డేటా అంతా కలిపినా రెండు హార్డ్ డిస్కులు నిండవు. ఆ డబ్బులో కొంత పెట్టి నాలుగు డిస్కులు, తెలుగు శాఖకు ఒక మంచి రికార్డరు కొనండి. మిగిలినదాంతో కంప్యూటర్స్ చదివిన కుర్రాడినో అమ్మాయినో పార్ట్‌టైమ్‌గా పెట్టుకోండి. లైబ్రేరియన్ గారికి వారంలో ఒక పూట ఈ పనికే కేటాయించి టైమ్‌టేబుల్లో చూపించండి. ‘మీరు కాస్త చూసుకోండి మేడమ్’ అని నోటిమాటగా మీ నెత్తిన పెడితే మాత్రం ఒప్పుకోకండి. మీకూ వర్క్‌లోడ్‌లో ఆ గంటలు తగ్గించి కాగితం మీద ఇవ్వాలి.

ప్రిన్సిపాల్ గారు ‘మరి నాక్ వాళ్లకు ఏం చూపిస్తాం’ అంటే డేటా రిజిస్టరు, నింపిన నో డ్యూస్ ఫారాలు చూపించమనండి. వాళ్లు అడిగితే ఏ ఫోల్డరైనా అప్పటికప్పుడు తెరిచి చూపించేలా ఉంచుకోండి. ఈలోగా ఆ అబ్బాయి ఆఖరి పని దినం ఎప్పుడో ఈరోజే కనుక్కోండి.